రోమను కంచు విగ్రహములు – పందొమ్మిదవ శతాబ్దపు ప్రతికృతులు

ప్రాచీన రోమను శిల్పము ననగానే మన మనస్సునకు తోచునది చలువరాయి. యూరపులోని ప్రదర్శనశాలలలో బారులు తీరి నిలిచినవి ఎక్కువగా రాతి విగ్రహములే. కాని ఒకనాడు రోము నగరమునందును, ఆ సామ్రాజ్యములోని పట్టణములందును కంచు విగ్రహములు వేలకొలదిగ నుండెడివి. రాతి విగ్రహము పడిపోయిన ముక్కలుగా నైనను మిగులును. కంచునకు ఆ భాగ్యము లేదు. దానిని కరగించిన నాణెమగును, గంటయగును, ఫిరంగియగును. కావున మధ్యయుగములలో రోమను కంచు విగ్రహములు చాలవఱకు కొలిమి పాలయ్యెను. రోములోని మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి అశ్వారూఢ విగ్రహము కూడ మిగిలినది ఒక భ్రమ వలననే. క్రైస్తవ మతము నాదరించిన కాన్‌స్టంటైను చక్రవర్తి విగ్రహమే అది యని జనులు నమ్మి, దాని జోలికి పోలేదు.

ఇట్లు అరుదుగా మిగిలిన విగ్రహములను చూచి 19వ శతాబ్దపు పోతపనివారు వందలకొలది ప్రతికృతులు పోసిరి. వానిని ప్రభువులు కొనిరి, వర్తకులు కొనిరి, విశ్వవిద్యాలయములు కొనెను. నేటికిని వానిని వెదకి కూర్చుకొనువారు కలరు. అవి ఎట్లు పుట్టినవి, నకలునకు గౌరవ మెంతవఱకు చెల్లును అను రెండు విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

కథ వెసూవియస్ అగ్నిపర్వతముతో ఆరంభమగుచున్నది. క్రీ. శ. 79లో ఆ కొండ ప్రేలి, నేపుల్స్ అఖాతపు టొడ్డున నున్న పాంపేయి, హెర్క్యులేనియము అను పట్టణములను కప్పివైచెను. వేలాది జనులను చంపిన ఆ బూడిదయే, ఆ నిప్పుల బురదయే కంచు విగ్రహములను కొలిమివాని చేతికి చిక్కకుండ దాచినది. నేపుల్స్ నేలిన బూర్బను వంశపు చార్లెస్ రాజు 1738లో హెర్క్యులేనియమునందును, 1748లో పాంపేయియందును త్రవ్వకములు మొదలిడెను. 1750లో బావి త్రవ్వుచుండగా ఒక గొప్ప భవనము బయల్పడెను. అందు మాడిపోయిన పాపిరస్ గ్రంథముల చుట్టలు దొరకుటచే దానికి పాపిరస్సుల భవనమని పేరు వచ్చెను. కార్ల్ వేబర్ అను స్విస్ ఇంజనీరు సొరంగములు త్రవ్వించి దాని పటమును గీచెను. ఆ ఒక్క ఇంటి నుండియే 80కి పైగా శిల్పములు వెలికివచ్చెను. అందు హెచ్చుపాలు కంచువి. త్రాగి సొక్కిన సాటిరుడు, పరుగుపందెమున వంగి నిలిచిన యువకు లిద్దఱు, 1758లో దొరకిన ఆసీనుడైన హెర్మిస్ దేవత – ఇవి యన్నియు అచటివే.

దొరకిన ప్రతి ముక్కయు ఆదరణ పొందినదని తలంపరాదు. హెర్క్యులేనియమున నాలుగు గుఱ్ఱములు పూన్చిన కంచు రథ మొకటి తునియలుగా దొరకినది. ఆ తునియలను నిర్లక్ష్యముగ పోగుపెట్టి, కొన్నిటిని కరగించి, రాజు రాణుల ముఖములు గల పతకములుగా పోసిరి. మిగిలినవానిని అతికి ఎట్టకేలకు ఒక్క గుఱ్ఱమును నిలిపిరి. జర్మను పండితుడు వింకెల్‌మన్ ఈ వృత్తాంతమును 1762లో ప్రకటించిన లేఖలో చెప్పి, త్రవ్వకములు జరిపించువారిని తీవ్రముగ నిందించెను. పదునాఱు శతాబ్దములకు పైగా భూమి కాపాడిన కంచును వెలికితీసినవారే కరగించిరి గదా!

ఆ కాలమున ఈ విగ్రహములకు ప్రతికృతులు చేయుట సులభము కాదు. పోర్టీచి యందలి రాజభవనపు ప్రదర్శనశాలలో చూపరులు బొమ్మ గీచుకొనుటకైనను అనుజ్ఞ లేకుండెను. రాజు తన సొత్తును తానే లోకమునకు చూపదలచి, 1757 నుండి 1792 వఱకు ఎనిమిది పెద్ద సంపుటములలో చిత్రములను అచ్చువేయించెను. వానిలో కంచు శిల్పములకు రెండు సంపుటములు కేటాయించిరి. ఆ గ్రంథములు అంగడిలో అమ్ముటకు గాక, రాజు ఇచ్చవచ్చినవారికి కానుక లిచ్చుటకు ఉద్దేశింపబడినవి. కానుక పొందలేనివారికి ఆ విగ్రహముల రూపము వినికిడి మాత్రమే.

19వ శతాబ్దమున పరిస్థితులు మాఱెను. విగ్రహములు పోర్టీచి నుండి నేపుల్స్ నగరములోని పెద్ద ప్రదర్శనశాలకు తరలినవి. 1839లో నేపుల్స్ నుండి పోర్టీచికి ఇటలీ దేశపు మొట్టమొదటి రైలుమార్గము వేసిరి. కొలది యేండ్లలో అది పాంపేయి దాక సాగెను. 1860లో బూర్బను రాజ్యము కూలి, రాజుగారి ప్రదర్శనశాల జాతీయ ప్రదర్శనశాల యయ్యెను. అప్పుడు త్రవ్వకములకు పెద్దయైన జూసెప్పె ఫియొరెల్లి పాంపేయికి ప్రవేశ రుసుము పెట్టి, అందఱును వచ్చి చూచుటకు వీలు కల్పించెను. పూర్వము ప్రభువుల బిడ్డలు మాత్రమే చేయగల యాత్రను ఇప్పుడు వకీళ్లును, వైద్యులును, ఉపాధ్యాయులును చేయసాగిరి. కాశీకి పోయినవారు గంగాజలపు చెంబును తెచ్చుకొన్నట్లు, నేపుల్స్‌కు పోయినవారు ఏదో యొక గుర్తును ఇంటికి తెచ్చుకొనవలెనని కోరుట సహజము గదా! కంచు ప్రతికృతుల వ్యాపారము ఈ కోరిక మీద నిలిచినది.

ఆ వ్యాపారమున ప్రసిద్ధికెక్కిన పేర్లు కొన్ని కలవు. జార్జియో సొమ్మర్ 1834లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున పుట్టి, నేపుల్స్ చేరి, ఛాయాచిత్రకారుడుగ పేరుపొందెను. పాంపేయి శిథిలముల ఛాయాచిత్రములతోపాటు కంచు ప్రతికృతులను గూడ అతడు అమ్మెను. బొమ్మలతో గూడిన జాబితాలు అచ్చువేసి పంచెను. జెన్నారొ కియురాట్సి 1870లో స్థాపించిన పోతశాల వానిలో మిక్కిలి పేరుగాంచినది. సబాటినొ డి ఆంజెలిస్ కుటుంబము వారి పోతశాల మఱియొకటి. వీరందఱి జాబితాలయందును తప్పక కనబడు బొమ్మలు రెండు. ఒకటి 1830లో పాంపేయిలోని ఒక పెద్ద ఇంట దొరకిన నాట్యమాడు ఫాను. ఆ ఇంటికి ఈ బొమ్మను బట్టియే పేరు వచ్చినది. రెండవది 1862లో దొరకిన నార్సిసస్. తల వంచి, చెవి యొగ్గి, ఏదో వినుచున్నట్లు నిలిచిన యువకుని విగ్రహమది. అది నార్సిసస్ కాదు, డయొనీసస్ దేవత యని పండితులు తరువాత నిర్ణయించినను, అంగడిలో పాత పేరే నిలిచినది. దాని ఎత్తు సుమారు 63 సెంటీమీటర్లు. ఫాను ముప్పాతిక మీటరు లోపు. మూలమునకు సరియైన కొలతతో పోసినను బల్లమీద ఇముడును. ఇండ్లలో ఈ రెండు బొమ్మలు అంతగా వ్యాపించుటకు ఇదియు నొక కారణము.

పోతపని జరుగు తీరు మన దేశమువారికి క్రొత్త కాదు. మైనముతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూసి, కాల్చి, మైనము కరగి పోగా ఏర్పడిన ఖాళీలో కరగిన లోహమును పోయుదురు. ఈ పద్ధతిని మనవారు మధూచ్ఛిష్ట విధాన మనిరి. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున ఇది వివరింపబడినది. మన స్థపతి మైనపు బొమ్మను చేతితో మలచును. అది కరగిపోవును గాన ఒక మైనపు బొమ్మకు ఒక్క విగ్రహమే. నేపుల్స్ పనివాడు మొదట మూల విగ్రహము మీదనే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో భాగములు భాగములుగా అచ్చు తీయును. ఆ అచ్చులో మైనమును పలుచగా పోసి బోలు బొమ్మను తీయును. ఆ మైనము కరగిపోయినను తల్లి అచ్చు మిగిలియే యుండును. దాని నుండి మఱల మైనము, మఱల విగ్రహము. ఒక్క మూలమునకు వంద ప్రతికృతులు వచ్చు రహస్య మిదియే.

పోసిన తరువాత రంగు తేవలయును. క్రొత్త కంచు పసిమి వన్నెతో మెఱయును. పురాతన వస్తువును కోరువానికి అది రుచింపదు. అందుచే ఆమ్లములతోను, లవణములతోను, వేడితోను పైపొరకు చిలుము పట్టించుచుండిరి. కొనువాడు తన కిష్టమైన చిలుమును ఎన్నుకొనవచ్చును. పాంపేయి చిలుమనగా ఆకుపచ్చ నీలము కలసినది. హెర్క్యులేనియపు చిలుమనగా దాదాపు నలుపైన ముదురు వన్నె. ఈ భేదము కల్పితము కాదు. రెండు పట్టణములను కప్పిన పదార్థము వేఱగుటచే, ఆయా చోట్ల దొరకిన కంచునకు వేర్వేఱు రంగులు పట్టినవి. పోతశాలవారు ప్రకృతి చేసిన పనిని కొన్ని గంటలలో అనుకరించిరి. ఇవి గాక, ఆధునికమను పేర గోధుమ వన్నెయు నొకటి యుండెను.

ఇదే కాలమున పారిసు నగరమున మఱియొక మార్గము వెలసినది. అషీల్ కొలాస్ అను యంత్రశిల్పి విగ్రహములను చిన్నవిగా చెక్కు యంత్రమును కనిపెట్టెను. దాని ఒక చివర నున్న ములుకు మూల విగ్రహపు టొడలిని తడవుచు పోగా, రెండవ చివర నున్న కత్తి అదే రూపమును తగ్గించిన కొలతలో చెక్కును. గోడలకంటించు రంగు కాగితములు అమ్ముచుండిన ఫెర్డినాండ్ బార్బిడియన్ 1838లో అతనితో కూడి వ్యాపారము పెట్టెను. ఇక ఆళ్లెత్తు విగ్రహము జానెడై, మూరెడై, కొనువాని స్తోమతును బట్టి వేర్వేఱు పరిమాణములలో లభింపసాగెను. విగ్రహముపై కొలాస్ యంత్రముతో తగ్గించినదని తెలుపు చిన్న ముద్రయు వేయుచుండిరి. నేపుల్స్ వారు మైనముతో పోయగా, పారిసు వారు ఎక్కువగా ఇసుక మూసలలో భాగములు పోసి కూర్చుచుండిరి. 1892లో బార్బిడియన్ మరణించిన పిదపను ఆ సంస్థ చాలకాలము సాగెను.

ఈ ప్రతికృతులను చూచి ముఖము చిట్లించువారు నాడును కలరు, నేడును కలరు. మూలము కానిది కళ యెట్లగు నని వారి ప్రశ్న. దీనికి రోమనులే సమాధానము చెప్పిరి. గ్రీకు శిల్పుల విగ్రహములను మెచ్చిన రోమను ధనికులు వానికి నకళ్లు చేయించి తోటలలో నిలుపుకొనిరి. సిసరో మహావక్త తన టస్క్యులం భవనమునకు విగ్రహములు పంపుమని మిత్రుడగు అట్టికస్‌కు వ్రాసిన లేఖలు నేటికిని ఉన్నవి. గ్రీకు శిల్పి పాలిక్లీటస్ పోసిన శూలధారి విగ్రహము నశించినది; రోమను కాలపు నకళ్ల వలననే దాని రూపము మనకు తెలియును. పాపిరస్సుల భవనమున దొరకిన కంచు తల యొకటి ఆ శూలధారికి ప్రతికృతియే. దానిపై ఏథెన్సు వాడైన అపొలోనియస్ తన పేరు చెక్కుకొన్నాడు. 1954లో నేపుల్స్ చెంత బాయియె వద్ద ప్లాస్టరు అచ్చుల ముక్కలు కొన్ని దొరకెను. అవి గ్రీకు కంచు విగ్రహముల నుండి రోమను పనివారు తీసినవి. అనగా కియురాట్సి పోతశాల చేసిన పనినే, అదే తీరమున, పదునెనిమిది శతాబ్దములకు పూర్వమే చేసిరన్నమాట. నకలు నుండి తీసిన నకలును మనము హేళన చేయబోయిన, రోమను శిల్పములో సగమును హేళన చేయవలసివచ్చును.

విద్యాసంస్థలు ఈ సంగతిని బాగుగ గ్రహించినవి. అట్లాంటిక్ దాటి నేపుల్స్‌కు పోజాలని విద్యార్థులకై చికాగోలోని ఫీల్డు ప్రదర్శనశాల డి ఆంజెలిస్ వారి ప్రతికృతులను తెప్పించెను. టార్బెల్ అను పండితుడు వానికి 1909లో వివరణాత్మకమైన పట్టికను ప్రకటించెను. ఫిలడెల్ఫియా వర్తకుడు జాన్ వానమేకర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలకు అట్టివానినే బహూకరించెను. సర్కసు యజమానియైన జాన్ రింగ్లింగ్ 1920ల నాట కియురాట్సి కంచు విగ్రహములను కొని, ఫ్లోరిడాలోని సరసోటాలో తాను కట్టించిన ప్రదర్శనశాల ప్రాంగణమున నిలిపెను. 1974లో కాలిఫోర్నియాలో పాపిరస్సుల భవనపు నమూనాపై గెట్టి ప్రదర్శనశాలను కట్టినప్పుడు, దాని తోటకు కావలసిన కంచు ప్రతికృతులు నేపుల్స్ అచ్చులనుండియే వచ్చెను.

ఇక కూర్చువారి కష్టములు. ప్రతికృతి ప్రతికృతిగ ఉన్నంతవఱకు అది నిజాయితీ గల వస్తువు. పీఠముపై నున్న పోతశాల ముద్రను అరగదీసి, మట్టిలో పాతి, పురాతన వస్తువని అమ్మినప్పుడే అది మోసమగును. కాబట్టి వివేకి యగువాడు మొదట ముద్రను వెదకును. ముద్ర ఉండవలసిన చోట కొత్తగా రాచిన జాడ కనబడిన అనుమానింపవలెను. పిదప లోహమును చూడవలెను. 19వ శతాబ్దమున చవుక వస్తువులను తుత్తునాగముతో పోసి పైన కంచు రంగు పూయుచుండిరి. అడుగున కనబడని చోట కొద్దిగా గీచిన కంచు పసుపుగా మెఱయును. తుత్తునాగము తెల్లగా బూడిద వన్నెగా కనబడును. మూడవది కొలత. కంచు చల్లారునప్పుడు నూటికి ఒకటిన్నర నుండి రెండు పాళ్లు ముడుచుకొనును. పోతశాల అచ్చునుండి కాక, పాత ప్రతికృతి నుండియే దొంగ అచ్చు తీసి పోసినచో, ఆ బొమ్మ దాని తల్లికంటె ఆ మేరకు పొట్టియగును. 63 సెంటీమీటర్ల నార్సిసస్‌కు ఒక సెంటీమీటరు తగ్గును. జుట్టు పాయలు, కనురెప్పలు, వ్రేళ్ల సందులు మొద్దువాఱును. కొలబద్ద, భూతద్దము ఉన్నచో అనేక మోసములు తేటపడును. అన్నిటికంటె ముఖ్యమైన మాట వేఱొకటి కలదు. పాత చిలుమును మురికి యని తలంచి చింతపండుతోనో, ఆమ్లముతోనో తోమరాదు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. మన ఇండ్లలోని ఇత్తడి బిందెకు తోముట అందము. ఈ విగ్రహమునకు అది చర్మము నొలుచుటయే.

ప్రతికృతి కేవలము అలంకారము గాక, సాక్ష్యముగ కూడ నిలుచును. మూడవ నెపోలియన్ చక్రవర్తి 1861–62లో రోములోని ట్రాజను విజయస్తంభపు శిల్పములకు అచ్చులు తీయించి, విద్యుత్తు సాయమున వానిపై రాగిని పేరబెట్టించి, లోహ ప్రతికృతులను చేయించెను. అవి పారిసు చెంతనున్న సెయింట్ జర్మన్ కోట ప్రదర్శనశాలకు చేరినవి. ఆ స్తంభము రోమునగరపు పొగకును, వానలకును ఓర్చుచు నిలిచినది. దాని చలువరాయి అరిగి కొన్ని ముఖములు, ఆయుధములు అస్పష్టములైనవి. వానిని పరిశోధించువారు నేడు మూలమును చూచి తెలియని దానిని 19వ శతాబ్దపు అచ్చులను చూచి తెలిసికొనుచున్నారు.

యుద్ధమును ఒక పాఠము నేర్పినది. రెండవ ప్రపంచ యుద్ధమున బాంబులకు వెఱచి నేపుల్స్ ప్రదర్శనశాల వస్తువులను మాంటె కసీనో మఠమున దాచిరి. 1943లో జర్మను సేనలు వానిని తరలించుచు కొన్ని పెట్టెలను తమ దేశమునకు సాగించుకొనిపోయెను. ఆ పెట్టెలలో పాంపేయి, హెర్క్యులేనియముల కంచు విగ్రహములును ఉండెను. 1945లో ఆస్ట్రియాలోని ఆల్టౌసే ఉప్పుగనిలో వానిని కనుగొని, తరువాత ఇటలీకి తిరిగి పంపిరి. ఆ గని కూలియుండిన యెడల, వాని రూపమును తెలుపుటకు మిగిలి యుండెడివి అచ్చులు, ప్రతికృతులు, ఛాయాచిత్రములే.

మన హైదరాబాదువారికి ఈ చర్చ దూరపుది గాదు. సాలార్ జంగ్ మ్యూజియములో జనులు గుమిగూడి చూచు ముసుగు రెబెక్కా విగ్రహము ఇటలీ శిల్పి బెంజోని పని. మొదటి సాలార్ జంగు 1876లో రోమునగరమున దానిని కొనెను. అది చలువరాతిది, రోమను పురాతన శిల్పమునకు నకలును కాదు. అయినను బెంజోని ఆ రూపమునే పలుమాఱులు చెక్కించెను. దాని అక్కచెల్లెండ్రు అమెరికా ప్రదర్శనశాలలలో కలరు. ఈ సంగతి తెలిసినంతమాత్రమున ఆ సన్నని రాతి ముసుగు మన కన్నులకు మోటుగా తోచునా? తోచదు. చేసిన చేతిలో శ్రద్ధ యుండిన, ఒకటే యున్నను పది యున్నను అందము అందమే.

20వ శతాబ్దమున కొన్ని గొప్ప ప్రదర్శనశాలలు తమ ప్రతికృతులను నేలమాళిగలకు పంపినవి, కొన్ని అమ్మివేసినవి. అదే శతాబ్దపు టంతమున రోము నగరము వేఱొక త్రోవ త్రొక్కినది. మొదట చెప్పిన మార్కస్ ఆరీలియస్ విగ్రహము కాపిటోలైన్ గుట్టమీద ఎండకు, వానకు, పొగకు తినబడుచుండగా, 1981లో దానిని మరమ్మతునకై దించిరి. మూలమును 1990లో ప్రదర్శనశాల లోపల ఉంచిరి; 1997లో పూర్వపు పీఠముపై కంచు ప్రతికృతిని నిలిపిరి. పాంపేయిలోని ఫాను గృహమున గూడ యాత్రికునికి కనబడునది ప్రతికృతియే. మూలము నేపుల్స్‌లో భద్రముగ నున్నది. మూలమునకు తగులవలసిన ఎండవానలను ప్రతికృతి తాను భరించుచున్నది. అట్టి వస్తువు ఏ పాత సామానుల అంగడిలోనో, ఏ జమీందారు గారి ఇంటి మూలనో కనబడినప్పుడు, నకలు గదా యని త్రోసిపుచ్చక, తిరుగవేసి పీఠము అడుగున ముద్ర యేమున్నదో చూడవలయును.